బొట్టు పడిన చోటు, లోపమున్న చోటు
డీజిలు ట్రక్కులోని అధిక పీడన ఆయిలు పంపును గురించి ఒక పాఠం

చెమ్మగిల్లుట, ఊరుట, కారుట, చిమ్ముట – ఈ నాలుగు క్రియలూ ద్రవం తన హద్దు దాటి బయటికి వచ్చే స్థితినే తెలుపుతాయి. అయినా ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ప్రత్యేకార్థం ఉన్నది. వానకాలంలో గోడ చెమ్మగిల్లుతుంది. చెలమలో నీరు ఊరుతుంది. చూరు నుంచి వాన నీరు కారుతుంది. పగిలిన గొట్టం నుంచి నీరు చిమ్ముతుంది. ఉర్దూలో రిస్‌నా, టపక్‌నా, బహ్‌నా అనే మాటల మధ్య కూడా ఇటువంటి భేదమే కలదు. ఈ భేదాలను నిఘంటుకారుడు ఎంత శ్రద్ధగా గమనిస్తాడో, మంచి మెకానిక్కు కూడా అంత శ్రద్ధగానే గమనిస్తాడు. ఏలననగా ఇంజను మీది ఆయిలు కేవలం చెమ్మగా ఉన్నదా, బొట్లుగా కారుతున్నదా, ధారగా చిమ్ముతున్నదా అనే దానిని బట్టి అతడు చేయవలసిన పని మారుతుంది.

ఈ వ్యాసంలో ఒకే ఒక యంత్రభాగాన్ని తీసుకొని, అందులో ఆయిలు ఎందుకు కారుతుందో, కారిన చోటును ఎట్లా కనుగొనాలో, ఏ క్రమంలో బాగుచేయాలో వివరిస్తాను. అది అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన ట్రక్కులలో 1994 మధ్య నుంచి 2003 వరకు అమర్చిన 7.3 లీటర్ల ‘పవర్ స్ట్రోక్’ డీజిలు ఇంజనులోని అధిక పీడన ఆయిలు పంపు. ఈ ఇంజనును ఫోర్డ్‌కు తయారుచేసి ఇచ్చిన సంస్థ నావిస్టార్. మన లారీలలో ఈ తరహా పంపు సామాన్యంగా ఉండదు. అయినప్పటికీ దీనిని ఎంచుకొనుటకు కారణం ఉన్నది. ఆయిలు కనబడిన చోటు వేరు, కారిన చోటు వేరు అనే సత్యాన్ని ఇంత స్పష్టంగా నేర్పే యంత్రం మరొకటి అరుదు. ఈ సత్యం తెలియక ఎందరో వాహన యజమానులు చిన్న రబ్బరు రింగుతో పోయే లోపానికి గేరుబాక్సు దింపించి డబ్బు పోగొట్టుకొంటారు.

1. ఈ పంపు చేసే పని

డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమినప్పుడు అది మిక్కిలి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మినప్పుడు అది తనంతట తాను మండుతుంది. అట్లా చిమ్మడానికి చాలా ఎక్కువ పీడనం కావాలి. ఇంధనానికి ఆ పీడనాన్ని కలిగించుట డీజిలు ఇంజను చరిత్ర పొడుగునా ఇంజనీర్లను వేధించిన సమస్య. రుడాల్ఫ్ డీజిల్ తన తొలి ఇంజనులో ఇంధనాన్ని అదిమిన గాలితో లోపలికి ఊదించాడు. స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ సంస్థ 1927లో ఇంజెక్షను పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం ప్రారంభించిన తరువాతనే డీజిలు ఇంజను లారీలలో విరివిగా వ్యాపించింది. ఆ పద్ధతిలో పంపే ఇంధనాన్ని అదుముతుంది. బెంగుళూరులోని మైకో సంస్థ తయారుచేసిన పంపుల ద్వారా మన దేశపు లారీ మెకానిక్కులకు రెండు మూడు తరాలుగా పరిచయమైనది ఈ పద్ధతియే.

కాటర్‌పిల్లర్, నావిస్టార్ సంస్థలు అభివృద్ధి చేసిన పద్ధతి దీనికి భిన్నమైనది. ఇందులో పంపు అదిమేది డీజిలును కాదు, ఇంజను ఆయిలును. అదిమిన ఆయిలు ప్రతి ఇంజెక్టరు పైభాగానికి చేరుతుంది. ఇంజెక్టరులో పైన ఒక పెద్ద పిస్టను, దాని కింద ఒక సన్నని ప్లంజరు ఉంటాయి. పిస్టను వైశాల్యం ప్లంజరు వైశాల్యానికి ఏడు రెట్లు. కంప్యూటరు ఆజ్ఞతో కవాటం తెరుచుకొనగానే ఆయిలు పిస్టనును నెడుతుంది. పిస్టను ప్లంజరును నెడుతుంది. ప్లంజరు డీజిలును చిమ్ముతుంది. ఆయిలు పీడనం చదరపు అంగుళానికి 3,000 పౌన్లు ఉంటే, డీజిలు మీద అది ఏడు రెట్లయి 21,000 పౌన్లవుతుంది. ఇంటరు తరగతిలో పాస్కల్ సూత్రం చదివిన విద్యార్థులకు ఈ లెక్క కొత్తది కాదు. పుస్తకంలో రెండు పిస్టన్ల బొమ్మగా చూసిన సూత్రమే ఇక్కడ ట్రక్కును నడిపిస్తున్నది.

ఈ పీడనం అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఒక పోలిక చాలు. లారీ టైరులోని గాలి పీడనం చదరపు అంగుళానికి సుమారు 100 పౌన్లు. ఈ పంపు గరిష్ఠ పీడనం దానికి ముప్పై రెట్లు. ఇంజను ఊరక తిరుగుతున్నప్పుడు కూడా 500 పౌన్లకు తగ్గకుండా ఉండాలి. అంతకన్న తగ్గితే ఇంజెక్టర్లు పనిచేయవు. ఇంజను స్టార్టు కాదు. కనుక ఈ వ్యవస్థలో ఆయిలు కారుట అంటే నేల మురికి కావడం మాత్రమే కాదు. అది ఇంజను ప్రాణానికి సంబంధించిన విషయం.

2. పంపు ఉన్న చోటు

ఈ ఇంజనులో ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా, ఆంగ్లాక్షరం ‘వి’ ఆకారంలో ఉంటాయి. రెండు వరుసల మధ్య ఒక పల్లం ఏర్పడుతుంది. మెకానిక్కులు దానిని లోయ అంటారు. ఆ లోయలో ముందు భాగాన అధిక పీడన పంపు, దాని వెనుక ఇంధనపు ఫిల్టరు గిన్నె, ఆ వెనుక టర్బో పీఠం ఉంటాయి.

క్రాంకు షాఫ్టుతో తిరిగే మామూలు ఆయిలు పంపు అడుగు తొట్టి నుంచి ఆయిలును తెచ్చి, ముందువైపు పైన ఉన్న చిన్న తొట్టిని నింపుతుంది. ఈ చిన్న తొట్టిలో దాదాపు ఒక లీటరు ఆయిలు పడుతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా అందులో ఆయిలు నిలువ ఉండుట వల్లనే మరునాడు ఉదయం అధిక పీడన పంపుకు తక్షణం ఆయిలు అందుతుంది. ఈ పంపులో ఏడు చిన్న పిస్టన్లు గుండ్రంగా అమరి ఉంటాయి. క్యాం షాఫ్టు గేరు దీనిని తిప్పుతుంది. పంపు నుంచి రెండు గొట్టాలు బయలుదేరి చెరొక సిలిండరు హెడ్డుకు వెళతాయి. పంపుకే బిగించిన ఒక విద్యుత్ కవాటం పీడనాన్ని అదుపు చేస్తూ, ఎక్కువైన ఆయిలును తిరిగి అడుగు తొట్టికి వదులుతుంది. హెడ్డు మీద ఉన్న ఒక సెన్సరు పీడనం ఎంత ఉన్నదో కంప్యూటరుకు తెలుపుతుంది.

3. ఆయిలు చేసే ప్రయాణం

పంపు దగ్గర ఆయిలు కారినప్పుడు అది వెంటనే నేల మీద పడదు. లోయలో నిలుస్తుంది. ఇంజను ట్రక్కులో వెనుకకు కొంచెం వాలి ఉంటుంది గనుక ఆ ఆయిలు మెల్లగా వెనుకకు పారి, లోయ వెనుక అంచు దాటి, ఇంజను వెనుక గోడ మీదుగా జారి, ఇంజనుకు గేరుబాక్సుకు మధ్యనున్న గంట ఆకారపు తొడుగు మీద చేరి, అక్కడి నుంచి బొట్లు బొట్లుగా పడుతుంది. అనగా లోపం ఇంజను ముందు భాగాన పైన ఉంటే, బొట్టు వెనుక భాగాన కింద పడుతున్నది.

ఆ వెనుక చోటుననే క్రాంకు షాఫ్టు వెనుక సీలు కూడా ఉన్నది. ఆ సీలు పాడైతే కూడా బొట్లు సరిగ్గా అక్కడే పడతాయి. కింద పడుకొని చూచే మెకానిక్కు కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. తొందరపాటు గల వాడు “వెనుక సీలు పోయింది” అని తీర్పు చెబుతాడు. ఆ సీలు మార్చాలంటే గేరుబాక్సు దింపాలి. అది రోజుల పని, పెద్ద ఖర్చు. ఇంత చేసిన తరువాత కూడా మళ్ళీ అదే చోట బొట్టు పడుతుంది. ఎందుకనగా దోషం పైన అట్లాగే ఉన్నది.

కాబట్టి మొదటి సూత్రం ఇది: ఆయిలు కిందికీ వెనుకకూ పోతుంది, వెదికేవాడు పైకీ ముందుకూ పోవాలి. తడిగా ఉన్న చోట్లన్నిటిలోకీ అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందు ఉన్న తడి చోటే మూలానికి దగ్గర.

4. అనుమానించదగిన చోట్లు

లోయలో తడి కనబడినంత మాత్రాన పంపే దోషి అని నిర్ణయించరాదు. అక్కడ ముగ్గురు నిందితులు ఉన్నారు.

మొదటిది ఇంధనపు ఫిల్టరు గిన్నె. దాని గొట్టాల కీళ్ళ నుంచి గాని, అడుగున నీరు వదిలే కవాటం నుంచి గాని డీజిలు కారవచ్చు. రెండవది టర్బో పీఠం. టర్బోకు ఆయిలు పోయే దారిలోను, తిరిగి వచ్చే దారిలోను పీఠం కింద రబ్బరు రింగులు ఉన్నవి. అవి గట్టిపడితే ఆయిలు లోయలోకి కారుతుంది. మూడవది మన పంపు, దాని పరివారం.

పంపు పరివారంలో ఆయిలు కారే స్థానాలు ఇవి: పంపు శరీరానికి బిగించిన ప్లగ్గులు, రెండు గొట్టాలు పంపుకు కలిసే కీళ్ళు, హెడ్లకు కలిసే కీళ్ళు, పీడనాన్ని అదుపు చేసే కవాటం మీది రబ్బరు రింగులు, పంపుకు ఇంజను ముందు కవరుకు మధ్యనున్న ప్యాకింగు, పైనున్న చిన్న తొట్టి కింది ప్యాకింగు, ముందువైపు గేరును మూసిన చిన్న మూత, హెడ్డు మీది పీడన సెన్సరు. ఈ సెన్సరు విషయంలో ఒక సులభమైన గుర్తు ఉన్నది. దాని వైరు ప్లగ్గు ఊడదీసి చూసినప్పుడు లోపల ఆయిలు ఉంటే సెన్సరు లోపలే లీకై ఉన్నదని అర్థం.

5. రబ్బరు రింగు కథ

పై జాబితాలో అనేక చోట్ల కనిపించే వస్తువు రబ్బరు రింగు. మన మెకానిక్కులు దీనిని ఓ-రింగు అంటారు. కదిలే లోహభాగానికి, నిలిచి ఉన్న లోహభాగానికి మధ్య ద్రవం జారిపోకుండా ఆపుట పంపు ఎంత పాతదో అంత పాత సమస్య. 1206లో అరబ్బీ భాషలో తన యంత్రగ్రంథాన్ని పూర్తిచేసిన అల్ జజరీ రెండు సిలిండర్ల నీటి పంపు ఒకటి వర్ణించాడు. అందులో ప్రతి పిస్టను రెండు రాగి బిళ్ళలతో చేసినది. ఆ బిళ్ళల మధ్య సందును జనపనార వంటి నారతో పేనిన తాడు చుట్టి నింపాలని ఆయన చెప్పాడు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఆ నారతాడు చేసిన పనినే నేడు రబ్బరు రింగు చేస్తున్నది.

నేటి రూపంలోని ఓ-రింగుకు అమెరికాలో పేటెంటు కోరినవాడు డెన్మార్కులో పుట్టిన నీల్స్ క్రిస్టెన్‌సెన్. 1937లో దరఖాస్తు పెట్టేనాటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు. పేటెంటు 1939లో లభించింది. రింగు కూర్చుండే గాడి లోతు రింగు మందం కన్న కొంచెం తక్కువగా ఉంటుంది. అందువల్ల రింగు రెండు లోహాల మధ్య కొద్దిగా నలిగి, సందును మూస్తుంది. పీడనం పెరిగిన కొద్దీ ద్రవమే రింగును గాడి అంచుకు నెట్టి మరింత గట్టిగా మూయిస్తుంది. తనను దాటిపోవాలని తోసే శత్రువు బలాన్నే తన బలంగా చేసికొనుట ఈ చిన్న వస్తువులోని గొప్పదనం.

అయితే రబ్బరుకు మెత్తదనమే ప్రాణం. ఇంజను వేడికి ఏళ్ళ తరబడి ఉడికిన రింగు గట్టిపడుతుంది, గుండ్రదనం పోయి చదునవుతుంది. పొడిగా ఎక్కించిన రింగు మెలికపడి కోసుకొని పోతుంది. పీడనం మరీ ఎక్కువైన చోట రబ్బరు సందులోకి పిండుకొని పోతుంది. అందుకే అటువంటి చోట రింగు పక్కన గట్టి ఆధారపు రింగు కూడా వేస్తారు.

రబ్బరు రింగు విలువను లోకమంతటికీ తెలిపిన దుర్ఘటన 1986 జనవరి 28న జరిగింది. ఆనాడు అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే గాలిలో విచ్ఛిన్నమై ఏడుగురు వ్యోమగాములు మరణించారు. కుడివైపు రాకెట్టు కీలులోని ఓ-రింగులు ఆ ఉదయపు చలికి మెత్తదనం కోల్పోయి కీలును మూయలేకపోయినవని విచారణ సంఘం తేల్చింది. ఆ సంఘ సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రబ్బరు ముక్కను మంచు నీటిలో ముంచి చూపి ఈ విషయాన్ని అందరికీ అర్థమయ్యేట్లు చేశాడు. అంతకు ముందు రాత్రియే రాకెట్టు తయారుచేసిన సంస్థ ఇంజనీర్లు చలిని గురించి హెచ్చరించారు. ఆ మాటను పై వారు పెడచెవిని పెట్టారు. రింగు చిన్నదే, దాని పని చిన్నది కాదు.

6. వెదికే క్రమం

మొదట లోయలోని తడి ఏ ద్రవమో తేల్చుకోవాలి. ఒక తెల్లగుడ్డను లోయలో అద్ది చూడాలి. డీజిలు పలుచగా ఉండి ఘాటైన వాసన వేస్తుంది. ఇంజను ఆయిలు నల్లగా, జిడ్డుగా ఉంటుంది. రెండూ కలిసి ఉంటే రెండు లోపాలు ఉన్నవని అనుమానించాలి.

రెండవ మెట్టు శుభ్రం చేయుట. ఏళ్ళ తరబడి పేరుకొన్న జిడ్డు మీద కొత్త లీకు కనబడదు. ఇంజను చల్లారిన తరువాత, విద్యుత్ ప్లగ్గులకు నీరు తగులకుండా కప్పి, జిడ్డు కరిగించే ద్రవంతో లోయను కడిగి, గాలితో ఆరబెట్టాలి. ఈ పనికి విసుగుపడేవాడు ఈ వృత్తికి తగడు. పలక తుడవకుండా కొత్త అక్షరం రాయలేము కదా.

మూడవ మెట్టు వేచి చూచుట. శుభ్రపడిన ఇంజనును స్టార్టు చేసి, వేడెక్కనిచ్చి, టార్చిలైటుతో పైనుంచి కిందికి, ముందు నుంచి వెనుకకు క్రమంగా చూడాలి. అనుమానమున్న కీళ్ళ మీద కొద్దిగా తెల్లని పొడి చల్లితే, తొలి చెమ్మ ఆ పొడి మీద మచ్చగా తేలుతుంది. ఆయిలులో ప్రత్యేకమైన రంగు కలిపి, అతినీలలోహిత దీపం కింద చూచే పద్ధతి కూడా ఉన్నది. దీపం వెలుగులో లీకు దారి మెరుస్తూ కనిపిస్తుంది. కొన్ని లీకులు ఇంజను ఊరక తిరిగేటప్పుడు కనబడవు. బరువుతో ఎత్తెక్కినప్పుడు పీడనం పెరిగి అప్పుడే బయటపడతాయి. కనుక కొన్ని మైళ్ళు నడిపి వచ్చి మళ్ళీ చూడాలి.

నాలుగవ మెట్టు నిర్ణయం. మూలం కంటితో చూచిన తరువాతనే పానా చేతికి తీసుకోవాలి. ఊహించి భాగాలు మార్చుట వైద్యుడు నాడి చూడకుండా మందు ఇచ్చినట్లుంటుంది.

7. బాగుచేసే క్రమం

ఈ ట్రక్కులో రెండు బ్యాటరీలు ఉంటాయి. ముందు రెండింటి కనెక్షన్లూ తీయాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి. కళ్ళకు అద్దాలు ధరించాలి. పంపు మీద పని చేసేటప్పుడు చిన్న తొట్టి పైనున్న ప్లగ్గు తీసి, అందులోని ఆయిలును పెద్ద సిరంజి వంటి దానితో పైకి లాగివేయాలి. లేనిచో విప్పగానే ఆ ఆయిలంతా లోయలోకి పారి, కడిగిన శ్రమ వృథా అవుతుంది.

విప్పిన ప్రతి రంధ్రాన్ని నూలు రాలని శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఈ వ్యవస్థలో ఇసుక రేణువు శత్రువు. పీడన కవాటంలోని దారులు అతి సన్ననివి. చిన్న మలినం వల్ల అది ఇరుక్కొనిపోతుంది. ఇదే కారణం చేత మరల మీద నీటి కుళాయిలకు చుట్టే తెల్ల టేపును ఇక్కడ వాడరాదు. దాని పోగులు తెగి కవాటంలో చిక్కుకొంటాయి. ప్యాకింగు పేస్టును కూడా కంపెనీ పుస్తకం చెప్పిన చోటనే, చెప్పినంతనే పూయాలి.

పాత రింగును పారవేయక, కొత్త దాని పక్కన పెట్టి పోల్చి చూడాలి. చదునైనదా, తెగినదా, పగుళ్ళు వచ్చినవా అన్నది చూస్తే లోపానికి కారణం తెలుస్తుంది. ఇనుప మొనతో గాడిని గీకరాదు. లోహం మీద పడిన సన్నని గీత రేపటి లీకుకు దారి అవుతుంది. మెత్తని కర్ర పుల్ల గాని, ప్లాస్టిక్ మొన గాని వాడాలి. కొత్త రింగు కొలతలోనే కాక రబ్బరు జాతిలో కూడా సరిపోవాలి. వేడి ఆయిలుకు తట్టుకొనే నైట్రైల్ గాని, అంతకన్న ఎక్కువ వేడికి ఓర్చే వైటాన్ గాని కంపెనీ చెప్పిన దానిని తీసుకోవాలి. దుకాణంలో చూపుకు సరిపడిన ఏదో ఒక రింగు తెచ్చి వేసినవాడు మళ్ళీ అదే పని చేయవలసి వస్తుంది. రింగుకు కొత్త ఇంజను ఆయిలు రాసి, మెలిక పడకుండా ఎక్కించాలి.

మరలను మొదట వేళ్ళతోనే తిప్పి ఎక్కించాలి. తరువాత టార్కు పానాతో, పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం బిగించాలి. ఆయిలు కారుతున్నదని ఇంకా ఇంకా బిగించుట మన షెడ్డులలో తరచు కనిపించే అలవాటు. గట్టిపడిన రింగు ఎంత బిగించినా మూయదు. మర మాత్రం తెగుతుంది.

చివరకు చిన్న తొట్టిని శుభ్రమైన ఆయిలుతో నింపి, ఇంజనును తిప్పాలి. గొట్టాలలో చిక్కిన గాలి పోయేవరకు ఇంజను కొంతసేపు తడబడుతూ నడవవచ్చు. తరువాత ఆయిలు మట్టం చూడాలి. ఈ ఇంజనులో ఫిల్టరుతో కలిపి సుమారు 14 లీటర్ల ఆయిలు పడుతుంది. మరునాడు మళ్ళీ లోయను చూచి, పొడిగా ఉంటేనే పని పూర్తయినదని చెప్పాలి.

8. కంటికి కనబడని లీకు

ఇంతవరకు చెప్పినవి బయటికి కారే లీకులు. ఇంజను లోపలే జరిగే లీకులు మరొక రకం. ఇంజెక్టరు మీది రింగు పాడైతే ఆయిలు హెడ్డు లోపలే కారి తిరిగి అడుగు తొట్టికి పోతుంది. నేల మీద ఒక్క బొట్టూ పడదు. కాని పీడనం నిలవదు. దీనికి ఒక ప్రసిద్ధమైన లక్షణం ఉన్నది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఇంజను స్టార్టవుతుంది. వేడెక్కిన తరువాత ఆపితే మళ్ళీ స్టార్టు కాదు. వేడికి ఆయిలు పలుచనై, చల్లగా ఉన్నప్పుడు దాటలేని సందును సులభంగా దాటిపోవుటయే కారణం. ఆయిలుకు డీజిలుకు మధ్యనున్న రింగు తెగితే, ఆయిలు డీజిలులోకి చొరబడి ఇంధనపు ఫిల్టరు నల్లబడుతుంది.

7.3 లీటర్ల ఇంజను తరువాత ఫోర్డ్ ట్రక్కులలో వచ్చిన 6.0 లీటర్ల ఇంజనులో అధిక పీడన పంపును వెనుక భాగాన, మూత కింద పెట్టారు. కనుక అందులో లోయ తడవదు. లీకు చాలావరకు లోపలే జరుగుతుంది. 2005 తరువాతి వాటిలో పంపు దగ్గర నొక్కి కలిపే ఒక కీలు సడలిపోవుట అందరికీ తెలిసిన దోషమైంది. దాని స్థానంలో బోల్టులతో బిగించే కీలు వచ్చింది. అక్కడ తెల్లగుడ్డ, టార్చిలైటు చాలవు. పీడన సెన్సరు అంకెలు చదవాలి. గాలి ఎక్కించి చెవితో వినాలి. పద్ధతి మారినా సూత్రం మారలేదు: నిదర్శనం లేనిదే నిర్ణయం లేదు.

9. ప్రాణరక్షణ

విద్యార్థి మిత్రులు ఈ వ్యాసంలో మిగిలినదంతా మరచినా ఈ ఒక్క భాగాన్ని మరువరాదు. ఇంజను నడుస్తున్నప్పుడు లీకును చేతితో తడిమి వెదకరాదు. 3,000 పౌన్ల పీడనంతో సూదిమొనంత రంధ్రం నుంచి వెలువడే ధార వేగం, లెక్క ప్రకారం, సెకనుకు 200 మీటర్లను మించుతుంది. అది చర్మాన్ని ఛేదించి, మాంసంలోకి, నరాల పక్కలకు ఆయిలును ఎక్కిస్తుంది. వైద్యులు దీనిని చాలాకాలంగా ఎరుగుదురు. డీజిలు ఇంజను నుంచి చిమ్మిన ఇంధనం దేహంలోకి చొచ్చుకొని పోయిన ఉదంతం 1937లోనే అమెరికా వైద్యపత్రికలో ప్రచురితమైంది.

ఈ గాయం మోసకారి. పైకి చీమ కుట్టినంత చుక్క మాత్రమే కనిపిస్తుంది. మొదట నొప్పి కూడా ఎక్కువగా ఉండకపోవచ్చు. గుడ్డ చుట్టుకొని పని సాగించే మెకానిక్కుకు కొన్ని గంటలలో వేలు ఉబ్బి నల్లబడుతుంది. ఆలస్యమైతే వేలు తీసివేయవలసి రావచ్చు. కావున చుక్క ఎంత చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి పోయి, “పీడనంతో ఆయిలు లోపలికి పోయింది” అని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే వైద్యుడు కూడా చిన్న గాయమని పొరబడవచ్చు. లీకును వెదకడానికి పొడుగాటి అట్టముక్కను వాడాలి. ధార ఉంటే అట్ట తడుస్తుంది. చేయి దూరంగా ఉంటుంది.

10. ముగింపు

మన కళాశాల విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నలు లారీ షెడ్డులలో పనిచేస్తున్నారు. మరికొందరు చదువు ముగించి గల్ఫు దేశాల గ్యారేజీలకు పోతున్నారు. వారిలో పనితనానికి కొదువ లేదు. తాము చేసే పనిని అక్షరంలో పెట్టే పుస్తకం మాత్రం తెలుగులోను, ఉర్దూలోను కరువు. ఒక ఉస్తాదు ముప్పై ఏళ్ళ అనుభవం ఆయనతోనే ముగిసిపోతున్నది. ఇంజను భాగాల పేర్లు ఆంగ్లంలో ఉండుట వల్ల లోపం లేదు. పంపు, రింగు, వాషరు అనేవి నేడు మన మాటలే. కాని ఎందుకు కారింది, ఎట్లా కనుగొన్నాము, ఏ క్రమంలో బాగుచేశాము అనే వివరణ మన వాక్యాలలో ఉండాలి. ఆ పని చదువుకొన్న పిల్లలు చేయగలరు. ఈ సెలవులలో మీ ఇంటివారు పనిచేసే షెడ్డుకు పోయి, వారు ఒక లీకును బాగుచేసిన క్రమాన్ని అడిగి, పది వాక్యాలలో రాసి తీసుకొని రండి. వచ్చే సంవత్సరపు సంచికలో వాటికి చోటు ఉండాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.

ఆలోచించుటకు ప్రశ్నలు

(1) పంపు పీడనం 3,000 పౌన్లు ఉన్నప్పుడు చదరపు అంగుళంలో నాలుగో వంతు వైశాల్యం గల రంధ్రాన్ని వేలితో మూయాలంటే ఎంత బలం కావాలి? దానిని కిలోగ్రాములలోకి మార్చి చూడండి.

(2) గట్టిపడిన రబ్బరు రింగు ఉన్న కీలును ఎంత బిగించినా ఆయిలు ఎందుకు ఆగదు?

(3) ఉదయం స్టార్టయి, మధ్యాహ్నం స్టార్టు కాని ఇంజనులో, నేల పొడిగా ఉన్నప్పటికీ, లీకు ఉన్నదని ఏ ఆధారంతో చెప్పగలము?

(4) ఇంటి పైకప్పు కారినప్పుడు గది మధ్యలో బొట్టు పడుతున్నది. పైకప్పులో పగులు సరిగ్గా ఆ చోటనే ఉంటుందా? ఈ వ్యాసంలోని మొదటి సూత్రాన్ని అన్వయించి రాయండి.